పైకి చూసే రాకాసులు

ప్రభాకరన్‌కు రాకాసులు కావలసి వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, నలభై.

ఈ గుడియాత్తం కుర్రాడు వేలూరులో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. సింగపూరు నుంచి వచ్చిన మేనమామ అతనికి ఒక ఆట తెచ్చిచ్చాడు. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్లు అందులో వీరులవుతారు. దారిలో రాకాసులు అడ్డొస్తాయి. ఎవరు చస్తారో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. హాస్టలంతటికీ ఆ ఆట పిచ్చి పట్టింది. అయితే పుస్తకంలో ఉన్నవన్నీ మంచుకొండల్లో తిరిగే దొర రాకాసులు. మన ఎండకు తట్టుకునేవి కావాలని, వాటితో సొంతంగా పుస్తకం అచ్చేయాలని ప్రభాకరన్ పంతం పట్టాడు.

వేలూరులో సందు సందునా ఎస్‌టీడీ బూత్‌లు, లాడ్జీలు లేస్తున్న కాలమది. కాట్పాడి రోడ్డులో కడుతున్న ఒక లాడ్జి ముందు దిష్టిబొమ్మ కనిపించింది. కోరలు, గుడ్లు, నాలుక, ముందుకు చాచిన రెండు చేతులు. చూడగానే ఒళ్లు జలదరించింది. ఎవరు వేశారని అడిగితే, గోడకు ఎత్తుగా కట్టిన సారువ కర్రల మీద నుంచి మేస్త్రీ చౌడప్ప దిగి వచ్చాడు. చదువు రాదు గానీ చేతిలో విద్య ఉంది. రంగులు తెచ్చిస్తే పని ముగిశాక రోజుకొకటి వేసిస్తానన్నాడు.

అన్నట్టే వేశాడు. ఎండిన పాలారులో ఇసుక కింద పడుకునేది ఒకటి. సున్నపు బట్టీలో పుట్టింది ఒకటి. ప్రభాకరన్ వాటికి పేర్లు పెట్టి, బలానికి అంకెలు వేసుకున్నాడు. పక్కనే సిమెంటు చేతులు కడుక్కునే చౌడప్ప భార్య గోమతి మాత్రం ఆ బొమ్మల వైపు చూసేది కాదు.

ఇరవై అయ్యాక గానీ ప్రభాకరన్ ఒక సంగతి గమనించలేదు. అన్నీ చేతులు చాచే ఉన్నాయి, అరచేతులు పైకి పెట్టి. అన్నీ ఆకాశం వైపే చూస్తున్నాయి. హాస్టల్ వాళ్లకు ఆ మాత్రం దొరికితే చాలదా? ఇవి రాకాసులా, గుడి ముందు అడుక్కునేవాళ్లా అని ఒకటే నవ్వులు. ప్రభాకరన్‌కు తల కొట్టేసినట్లయింది.

మర్నాడే వెళ్లి నచ్చజెప్పాడు. వీరుడు ఎదురుగా వస్తుంటే రాకాసి పైకి చూడడమేమిటి, చేతికి గోళ్లో కత్తో ఉండొద్దా అన్నాడు. చౌడప్ప తల వంచుకుని విన్నాడు. విని, మరో ఇరవై అలాగే వేశాడు. ఆఖరిది ఇస్తూ ఒక్కటే అడిగాడు.

"మొగాలు ఎట్లన్నా మార్చుకో నాయనా. చేతులు మాత్రం ముట్టొద్దు. ఈ ఒక్కటీ నాకోసరం చెయ్."

ప్రభాకరన్ సరేనన్నాడు.

బొమ్మలు గుడియాత్తంలో అగ్గిపెట్టె లేబుళ్లు అచ్చేసే రాజమాణిక్యం ప్రెస్సుకు వెళ్లాయి. ఇలాంటివాటికి ఎవరు భయపడతారని రాజమాణిక్యం పెదవి విరిచాడు. తన ఆర్టిస్టు రెండు రోజుల్లో సరిచేస్తాడన్నాడు. ఇచ్చిన మాట ప్రభాకరన్‌కు గుర్తు రాకపోలేదు. హాస్టల్ నవ్వులు అంతకంటే గట్టిగా గుర్తొచ్చాయి. ఊ అనేశాడు.

పుస్తకం బ్రహ్మాండంగా వచ్చింది. నలభై రాకాసులూ కళ్లురిమి ఎదురుగా చూస్తున్నాయి. ప్రతి చేతికీ కొడవళ్లలాంటి గోళ్లు మొలిచాయి.

మొదటి కాపీ పట్టుకుని సంబరంగా లాడ్జి దగ్గరికి వెళ్లాడు. పనివాళ్లు అన్నాలు తింటున్నారు. చౌడప్ప గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కడిగి, పంచెకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ఒక్కో పేజీ తిప్పాడు. నలభై పేజీలూ తిప్పాడు. ఒక గోటి మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దాడు. అచ్చు పోతుందా? పుస్తకం మూసి తిరిగిచ్చేసి, మిగిలిన అన్నం ముట్టకుండానే సారువ ఎక్కిపోయాడు. తిట్టినా బాగుండేది. ప్రభాకరన్‌కు దుఃఖం ముంచుకొచ్చింది.

"ఏమయిందమ్మా ఆయప్పకు? బొమ్మలు బాగలేదా?" అని గోమతిని అడిగాడు.

గోమతి పుస్తకం వైపు చూడలేదు. పైన సారువ మీద మొగుడు నిలబడిన చోటునే చూస్తూ చెప్పింది.

"పోయిన తై నెల్లో మా పాప ఆడనించే జారి పడినాది నాయనా, కింద పట్టుకునేదానికి ఎవురూ లేకపోయిరి."