మంచు దేశపు ఉల్లంకి

“ఇంకో గంటమ్మా. పన్నెండు కాగానే జేసీబీ దిగుద్ది,” అన్నాడు హరినాథ్ వాచీ చూసుకుంటూ.

“గంటంటే గంటేలే అబ్బయా! నేనేమన్నా కాదన్నానా?” గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్న ఎలిశబెతు అతని వైపు తిరగకుండానే అంది.

కోట ఊరి దగ్గర ఉప్పుకాలవ పక్కన ఎలిశబెతుకు ఒక రొయ్యల గుంట ఉంది. ఆరేళ్ళ కిందట తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చాక దాన్ని అలాగే వదిలేసింది. ఇప్పుడందులో ఉన్నదల్లా చీలమండ లోతు నీళ్ళు, బురద, బురదలో పురుగులు. చుట్టుపక్కల గుంటలన్నీ హరినాథ్‌వే. దీన్నీ కలిపి లోతుగా తవ్విస్తానని ఏడాదిగా ఆమె వెంటబడ్డాడు. ఆమె మాత్రం ఎన్నాళ్ళని కాదంటుంది? చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. సెప్టెంబరు ఆఖరి రోజు మధ్యాహ్నం లోపల ఆమె పిట్ట వస్తే హరినాథ్ గుంట జోలికి రాడు. రాకపోతే తవ్వుకుంటాడు. పిట్టను నమ్ముకుని ఎవరైనా గుంట పందెం కాస్తారా! ఊరంతా నవ్వింది.

పిట్టంటే ఉల్లంకి పిట్ట. కోడిగుడ్డంత బరువు, కొస వంగిన పొడుగు ముక్కు. గుంట వైపు చూస్తేనే ఎలిశబెతుకు ఏడుపొచ్చే రోజుల్లో అది ఆ బురదలో దిగింది. దేవుడే పంపించాడనుకుందామె. పక్షుల మీద పరిశోధన చేసే భానుప్రియ అప్పుడే దాన్ని పట్టి, కాలికి నారింజ రంగు బిళ్ళ తగిలించి వదిలింది. వరసగా ఐదేళ్ళు ఆగస్టు ఆఖరుకల్లా వచ్చేసేది. ఈ ఏడు నెల దాటినా జాడ లేదు. భానుప్రియ కూడా పొద్దున్నే టెలిస్కోపు తెచ్చుకుని గట్టు మీద నిలబడింది.

“ఎక్కణ్ణుంచి రావాలి మేడం అది?” కాలక్షేపానికి అడిగాడు హరినాథ్.

“సైబీరియా పైకొస నుంచి. ఉత్తర ధ్రువానికి దగ్గర. ఏడు వేల కిలోమీటర్లు ఉంటుంది.”

“వార్నీ! అంత మంచులో ఎట్టా బతుకుద్ది?”

“ఎండాకాలం రెండు నెలలు మంచు కరిగి నేల బయటపడుతుంది. రాత్రనేదే ఉండదు. ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టాలి, పిల్లలు ఎదగాలి. ఇప్పుడు అక్కడా వేడి పెరిగి మంచు ముందే కరిగిపోతోంది. పురుగులు ముందే లేచి ముందే అయిపోతున్నాయి. పిల్లలు గుడ్డులోంచి వచ్చేసరికి తిండి చాలడం లేదు. పెద్దవేమో ముందే బయల్దేరి వచ్చేస్తాయి.”

“పిల్లల్ని ఇడిచిపెట్టేసా? అదేం తల్లమ్మా!” ఎలిశబెతు ముక్కున వేలేసుకుంది.

“ఉన్న కాస్త తిండీ పిల్లలకు మిగలాలి కదవ్వా.”

పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది. డ్రైవరు జేసీబీ ఎక్కి కూర్చున్నాడు. ఎలిశబెతు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది.

సరుగుడు తోపు మీద ఒక చుక్క కనిపించింది. ఉత్తరం నుంచి ఒంటరిగా, బాగా కిందుగా వస్తోంది. గుంట మీదికి రాగానే రాయి పడ్డట్టు బురదలో పడింది. రెక్కలు ముడుచుకునే ఓపిక కూడా లేక కాసేపు వాటిని వేలాడేసుకుని నిలబడి, ఆ తర్వాత ముక్కు బురదలో గుచ్చింది.

“వచ్చింది! స్తోత్రం ప్రభువా, వచ్చేసింది!” గొడుగు అవతల పారేసి లేచింది ఎలిశబెతు.

హరినాథ్ గట్టు అంచుకు వచ్చి వంగి చూశాడు. “కాలికి బిళ్ళేదమ్మా?”

“బురదలో దిగబడిన కాలు ఎట్టా కనపడుద్దయ్యా? నేరుగా తూము పక్కకే పోయింది, చూడు. నా పిట్ట ఎప్పుడూ ఆడే తింటది. కొత్తదానికి తెలుస్తదా?”

“సరేలే. ఏటేటా వచ్చే దారే కదా! మా బర్రె కూడా పొద్దుగూకేసరికి ఇల్లు చేరుద్ది. అలవాటు. ఇందులో పెద్ద వింతేముంది?” అన్నాడు హరినాథ్. “మేడం చూసి అదేనంటే అదే. జేసీబీ వెనక్కి పంపించేస్తా.”

భానుప్రియ టెలిస్కోపుకు కన్ను ఆనించింది. ఎంతకీ తియ్యలేదు. పిట్ట వీపు మీది ఈకల్ని ఒక్కొక్కటిగా చూస్తోంది. తల ఎత్తేసరికి కళ్ళనిండా నీళ్ళు.

“చెప్పు బిడ్డా, నా పిట్టే కదా?”

అవునంటే గుంట మిగులుతుంది. కానీ భానుప్రియకు అబద్ధం నోట రాలేదు.

“కాదవ్వా.”

ఎలిశబెతు గట్టు మీద చతికిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హరినాథ్‌కు జాలేసింది. కానీ మాట మాటే. డ్రైవరుకు చెయ్యి ఊపాడు. జేసీబీ బుర్రుమంది. అంత మోతకు కూడా పిట్ట లేవలేదు.

“హరినాథ్ గారూ, ఒక్కసారి ఇటు రండి!”

భానుప్రియ అతన్ని టెలిస్కోపు దగ్గరికి లాగి, ఈకల తెల్లటి అంచులు చూపించి, ఆ మోతలో చెవి దగ్గర ఏదో చెప్పింది. హరినాథ్ పిట్టను చూశాడు. తలెత్తి ఉత్తరం వైపు ఆకాశం చూశాడు. మళ్ళీ పిట్టను చూశాడు.

గబగబా వెళ్ళి జేసీబీ ఆపించాడు.

“ఏందన్నా?” అన్నాడు డ్రైవరు.

“ఇంటికి పో.”

“ఇప్పుడే కదన్నా తవ్వమంటివి!”

“పొమ్మంటే పో రా!”

ఎలిశబెతు కళ్ళు తుడుచుకుని లేచింది. “ఏందబ్బయా ఇది? నా పిట్ట రాలేదు. నేను మాట తప్పేదాన్ని కాదు. తవ్వుకో.”

“ఈ గుంట నేను తవ్వలేనమ్మా. నా వల్ల కాదు.”

“నా పిట్ట కాకపోతే మరి ఇంత దూరం దారి దానికెట్టా తెలిసిందయ్యా?”

“ఎట్టా తెలిసిందో మేడానికే తెలీదంట.” హరినాథ్ పిట్ట మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

“అది పుట్టి మూడు నెలలేనంటమ్మా.”