ఫోల్డర్ మొత్తం

“అది వద్దు సార్. ఒక్కొక్క ఫైలు ఎంచుకొని పంపే సాఫ్ట్‌వేర్ ఉంది, అదే పెట్టుకోండి” అంది జబీనా, నంద్యాల ప్రెస్సు నుంచి ఫోన్లో.

“ఒక్కొక్కటి ఎంచుకుంటా కూచుంటే ఈ జన్మకు అయితాదా?” అన్నాడు పార్థసారథి.

“మీరనే రెండోది ఫోల్డర్ మొత్తం పంపుతాది సార్. ఆడ మీరు పెట్టుకునిందంతా ఈడికి వచ్చి పడ్తాది. ఇంటి కంప్యూటర్‌కు అది బాగుండదు.”

“నాకు నేర్పిస్తాండావా అమ్మా? నువ్వు పోగొట్టిన పేజీల కోసమే గదా ఈ తంటా అంతా!”



“అవి నాకు రాలేదు సార్” అని మెల్లగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

పార్థసారథి ఆళ్లగడ్డలో సంస్కృతం పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. అహోబిలంలో ఏ ఉత్సవం ఏ క్రమంలో జరగాలో వాళ్ల నాయన నోటు పుస్తకాల్లో రాసిపెట్టి పోయాడు. వాటిని స్కాన్ చేసి, అచ్చు వేయించడానికి నంద్యాల ప్రెస్సుకు మెయిల్లో పంపుతున్నాడు. టైపు చేసేది జబీనా. ఐదో అధ్యాయంలో పద్నాలుగు పేజీలు లేవని ఆమె అంటోంది. పంపానని ఈయన. వారంగా ఇదే గొడవ.

“ఆ పాప వద్దంటాంది గదండీ” అంది భార్య రమామణి.

“ఆ పాపకేం తెలుసు?” అంటూ ఆయన రెండో సాఫ్ట్‌వేరే ఎక్కించి, ప్రెస్సు కంప్యూటర్‌కు కలిపాడు.

తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఎడమవైపు ఇంటి కంప్యూటర్, కుడివైపు ప్రెస్సు కంప్యూటర్. అక్కడ లేని ఫైళ్లు ఎర్రగా కనబడుతున్నాయి. పార్థసారథి బటన్ నొక్కాడు. ఎర్రవి ఒక్కొక్కటే పచ్చగా మారి అవతలికి చేరుతుంటే తృప్తిగా లెక్కబెట్టాడు. పద్నాలుగు. ఆగలేదు. పదిహేను.

పదిహేనోది, ‘శ్రీనివాసులుకు ఉత్తరం’.

ఆయన తెరకు దగ్గరగా వంగి ఆ పేరు మళ్లీ చదివాడు. శ్రీనివాసులు ప్రెస్సు ఓనరు. పార్థసారథి నిన్న మధ్యాహ్నం కోపంలో ఆయనకు ఆ ఉత్తరం టైపు చేసి, ప్రింటరులో ఇంకు లేక పుస్తకం ఫోల్డర్‌లోనే దాచాడు. “జబీనా నిర్లక్ష్యం వల్ల పేజీలు పోయినవి. అసలు స్వామివారి పుస్తకం ఆ పిల్ల చేతికి ఇవ్వడమే తప్పు. మనవాళ్లలో ఎవరికైనా అప్పగించగలరు.” అదీ అందులోని సంగతి.

గబగబా ఇక్కడ తీసేశాడు. కుడి వరుసలో అది అట్లాగే ఉంది.

ఏదో గుర్తొచ్చి మెయిల్ తెరిచాడు. ఆ పద్నాలుగు పేజీల మెయిల్, సైజు ఎక్కువైందని, పంపకుండానే ఆగిపోయి ఉంది. అది కదిలిందే లేదు.

“ఏమైందండీ?” అంది రమామణి.

“నంద్యాలకు పోయొస్తా” అన్నాడు ఆమె మొహం చూడకుండా.

బస్సు శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా పాకింది. జబీనా ఆ ఉత్తరం ఈపాటికి తెరిచి ఉంటుందా? తెరవకపోతే బాగుండు. దారి పొడుగునా ఆయన దేవుణ్ణి అడిగింది అదొక్కటే. తీరా ప్రెస్సు మెట్లెక్కేసరికి జబీనా లేచి నిలబడింది.

“రాండి సార్. పేజీలన్నీ వచ్చినాయి. ఇంత ఎండలో వచ్చినారే! కూచోండి, టీ తెస్తా.”

ఆమె వీధిలోకి పోయింది. గదిలో ఎవరూ లేరు. పార్థసారథి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఫోల్డర్ వెతికి ఉత్తరం తీసేశాడు. కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా తీసేశాడు. పరీక్షల్లో చీటీలు పెట్టిన పిల్లల్ని బెంచీలెక్కించిన చేతులవి. ఇప్పుడు అవే దొంగచాటుగా చెరుపుతున్నాయి.

లేవబోతూ తెర చూశాడు. ఐదో అధ్యాయం అప్పుడే రెండు పేజీలు టైపయింది. ఒక్క విసర్గ కూడా తప్పిపోలేదు. ఒకచోట మాత్రం ఖాళీ వదిలి రాసుకుంది: ‘పెద్దాయన అక్షరం చెదిరింది. ఊహించి కొట్టకూడదు. సార్‌ను అడగాలి.’

జబీనా టీ గ్లాసుతో వచ్చింది. తన కుర్చీలో ఆయన ఉండటం చూసి, గ్లాసు ఆయన ముందే పెట్టింది.

“శ్లోకాలు ఇంత శుద్ధంగా ఎట్ల కొడతాండావమ్మా?”

“మీ నాయన రాత చూసి చూసి అలవాటైంది సార్. తెలీనిది మాత్రం ముట్టుకోను.”

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపాడు. ఒక్క నిజమైనా చెప్పి పోదామనుకున్నాడు.

“జబీనా, ఆ పేజీలు నువ్వు పోగొట్టలేదు. నేనే పంపలేదు. ఊరికే నీ మీద అరిస్తి.”

“పోనీలే సార్. దొరికినాయి గదా.”

అంత సులభంగా వదిలేసింది. బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు ఇంకా సిగ్గేసింది. తల వంచుకొని గుమ్మం దాకా వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

“సార్” అని పిలిచింది జబీనా. “శ్రీనివాసులన్నకు మీరు రాసిన ఉత్తరం గూడా వచ్చిండె. అందులో మూడు తప్పులున్నాయి. పంతులు సార్ పేరుతో పోయే కాగితం గదా అని దిద్ది, ఇందాకే ప్రింటు తీసి అన్న టేబుల్ మీద పెట్టినా.”