బానెట్ వెనక చప్పుడు

"దారిలో సిగ్నల్ దగ్గర కారు ఆగిపోతే, పిల్ల నొప్పులతో రోడ్డు మీదే ఉండిపోతుంది కదరా!" అన్నాను.

"నీ నోట మంచి మాటే రాదా అమ్మా?" అంటూ మా అబ్బాయి బానెట్ ఎత్తాడు. అమ్మాయికి నెలలు నిండాయి. ఈ కారేమో పరిగెత్తినంతసేపూ బాగానే ఉంటుంది. ఆపితే చాలు, ఇంజిన్ ఆయాసపడుతూ చావబోతుంది.

చీకటి పడ్డాక ఇంటి పక్క షెడ్డులో నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. తను బండి మీద ఒకసారి తడితే యాక్సిలరేటర్ తొక్కాలి, రెండుసార్లు తడితే వదలాలి. లేచిన బానెట్ వెనక తను నాకు కనబడడు.

గాలి ఫిల్టర్ మూత తీయగానే కుళ్లు కంపు గుప్పుమంది.

"ఛీ! ఎలుక గూడనుకుంటా. అన్నీ వెంట్రుకలే. జిడ్డోడుతున్నాయి!"

లాగి పక్కన పడేశాడు. తడి వెంట్రుకలు, మూరెడేసి పొడవు. ఎలుకకి ఇవెక్కడివి? కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

ఒకసారి తట్టాడు, తొక్కాను. రెండుసార్లు తట్టాడు, వదిలాను. ఇంజిన్ తడబడలేదు.

"కుదిరిందిరా! వెళ్లి చేతులు సబ్బుతో రుద్దుకో."

బదులుగా మళ్లీ ఒక తట్టు, తడి గుడ్డతో కొట్టినట్టు మెత్తగా. తొక్కాను. రెండు తట్లు. వదిలాను. కంపు ఇంకా పెరిగింది.

"ఏరా, పలకవేం?"

చివరికి పలికాడు, ఇంట్లోంచి.

"అక్కకి నొప్పులు మొదలయ్యాయమ్మా! నేను తీసుకొస్తున్నా. నువ్వు దిగి ఆ బానెట్ మూసెయ్!"