పసుపు చుక్క

"తీసుకో అన్నా, పార్టు నంబరు అచ్చుగుద్దినట్టు సరిపోయింది," అంటూ పాత సామాన్ల కొట్టువాడు ఇంజిన్ కంప్యూటర్‌ని బల్ల మీద పెట్టాడు. "మూడేళ్లు టాక్సీలో కిక్కురుమనకుండా పనిచేసింది."

మెకానిక్ నీరసంగా అందుకున్నాడు. టీచరమ్మ పాత కారుకి మూడేళ్ల కిందటే ఒకసారి కంప్యూటర్ మార్చాడు. అయినా మళ్లీ అదే రోగం, నడిరోడ్డు మీద ఆగిపోతోంది.

దుమ్ము తుడిచాడు. మూలన పసుపు చుక్క. చెడిపోయిందని తేల్చినవాటి మీద తాను పెట్టే గుర్తు. పక్కనే తన చేతిరాతలో టీచరమ్మ కారు నంబరు.

"ఏమైంది? ఇదీ పనికిరాదా?" అంది వెంట వచ్చిన టీచరమ్మ విసుగ్గా.

"మీ కారుదేనమ్మా ఇది. దీనికి ఏ రోగమూ లేదు. అప్పుడు వైర్లు విప్పి చూడ్డానికి నేనే బద్ధకించాను."