శుభలేఖలో తల్లి పేరు

“పెండ్లికూతురు తల్లి పేరు?” వరంగల్ చౌరస్తాలో శుభలేఖలు వేసే ప్రెస్ అతను కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

“ప్రేమలత” అంది పెంటమ్మ.

పక్కన కూర్చున్న చెల్లెలు ఉలిక్కిపడింది. “అక్కా! అది నా పేరు గదనే!”

“అయితేంది? నలభై ఏండ్లు నువ్వే వాడుకున్నవ్. నా బిడ్డ కార్డు మీద ఒక్కసారి నాకియ్యరాదు? బడిల అందరు ‘పెంటకుప్పా’ అని ముక్కు మూసుకుంటుంటే, నువ్వు రిబ్బను సవరించుకుంట కూసునేదానివి.”

ప్రేమలత నవ్వలేదు. “నీ ముందు ఇద్దరు పిల్లలు పోయిన్రు. నువ్వన్న దక్కాల్నని అమ్మ నిన్ను పెంట మీద పండవెట్టి, పక్కింటామె ఎత్తుకుంటే చాటెడు తవుడు పోసి మళ్ల కొనుక్కున్నది. ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఏడ్సేది.”

“అది నాకెర్కలేదా?”

“మరి నా ముచ్చట ఎర్కనా? మళ్ల ఆడపిల్లేనా అని అమ్మ గోడదిక్కు తిరిగి పండుకున్నది. నా పేరు దవాఖానల నర్సు పెట్టింది. అమ్మ నీ ముచ్చట చెప్పినప్పుడల్లా, నన్నెందుకు పెంట మీద ఎయ్యలేదని కుళ్లుకునేదాన్ని.”

“ఏం పేరు కొట్టాలమ్మా?” అన్నాడు ప్రెస్ అతను.

పెంటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“పెంటమ్మ. అక్షరాలు జర పెద్దగ కొట్టు.”

ప్రేమలత తల తిప్పేసుకుంది. అద్దం తలుపులో ఆమె కళ్లు కనబడ్డాయి. బడిలో ఆ రిబ్బను వైపు పెంటమ్మ చూసిన చూపే అది.