మగవాళ్ళు తాగని కషాయం

"నేను తాగను. ఇవాళ నువ్వు తాగు," అంటూ రుయ్‌లాన్ కషాయం గిన్నెను మొగుడి ముందు ఠక్కున పెట్టింది.

పెరట్లో దుంపలు కడుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

దాంగ్‌గుయ్ మందు దుంపల తవ్వకాలు ముగిశాయంటే మిన్ కొండల్లో ఏ ఇంట్లోనైనా ఇదే పని. దుంపలకి మట్టి దులపడం, సన్నటి కొమ్మలతో కట్టలు కట్టడం, పొగ పెట్టడానికి పందిరెక్కించడం. ఆ ఘాటు బట్టలకీ జుట్టుకీ పట్టి ఓ పట్టాన వదలదు. రుయ్‌లాన్‌కైతే నాలిక్కి కూడా పట్టేసింది. పిల్లలు కలగాలని పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, రోజూ పొద్దున్నే అత్తింటివాళ్ళు ఆమెతో తాగిస్తున్నది ఆ దుంప కషాయమే.

సాయానికొచ్చిన ఇరుగుపొరుగు మధ్యలో కూర్చున్న ఆమె మొగుడు వెన్‌బో ముఖం కందిపోయింది.

"నేను తాగడమేంటి? ఇది ఆడవాళ్ళ మందు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ సంగతి దుంపకి తెలుసా?"

పక్కింటి లూ పిన్ని కిసుక్కున నవ్వింది. "తాగరా అబ్బాయ్! రేపు బిడ్డ పుడితే పాలు కూడా నువ్వే ఇద్దువుగానీ."

పెరడంతా గొల్లుమంది. పందిరి మీద కట్టలు సర్దుతున్న మామ హైషాన్ నిచ్చెన దిగి వచ్చాడు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏంటమ్మా ఈ గోల? మొగుడి చేత కషాయం తాగిస్తావా? రేపు వాడికి జడ కూడా వేస్తావా?"

"వేస్తే వేస్తాను మావయ్యా. ఈ ఊళ్ళో మగవాళ్ళు ఈ దుంప నాటొచ్చు, తవ్వొచ్చు, బస్తాలకెత్తి అమ్ముకోవచ్చు. ఇంత గొంతులో పోసుకుంటేనే వచ్చిందా పరువు తక్కువ?"

"తాగాల్సింది నువ్వు. పిల్లలు లేనిది నీకు."

"నాకేనా? మరి ఇతనికి ఉన్నారా?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. హైషాన్ మెడ నరాలు ఉబ్బాయి. రుయ్‌లాన్ అది చూసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ నాలో ఏ లోపమూ లేదంది. మీ ఆయన్ని తీసుకురా, అతన్ని కూడా చూడాలంది. ఆ మాట చెప్పిన దగ్గర్నుంచీ ఇతను నాతో అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను. ఈ గిన్నె తాగుతాడో, రేపు నాతో ఆసుపత్రికి వస్తాడో చెప్పమనండి. రెండూ నేనే చెయ్యాలంటే కుదరదు."

"కుదరకపోతే మూట కట్టుకో. సాయంత్రం వెయ్‌యువాన్ బస్సుంది, మీ పుట్టింటికే పోతుంది."

"మూట కట్టుకోవడం ఎంతసేపు మావయ్యా? కాకపోతే ఎందుకు పంపించారని అక్కడ అడుగుతారుగా. మా ఆయన ఆసుపత్రి గుమ్మం తొక్కడానికి భయపడ్డాడని చెప్తాను. బస్సులో అడిగినవాళ్ళకి కూడా చెప్తాను."

వెన్‌బో తలెత్తాడు. "రుయ్‌లాన్, ఇంట్లోకి పద. లోపల మాట్లాడుకుందాం."

"లోపల మాట్లాడితే నువ్వు గోడవైపు తిరిగి పడుకుంటావు."

లూ పిన్ని చేతిలో దుంప జారి కింద పడింది.

"చాల్లే, నోరు ముయ్!" హైషాన్ అరిచాడు. "మా టాన్ వంశంలో ఏ మగాడూ పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరగలేదు. ఈ కషాయం ముట్టుకోలేదు. మీ అత్తని చూసి నేర్చుకో. మా అమ్మ గిన్నె పెట్టడమే ఆలస్యం, కిక్కురుమనకుండా తాగేది. వెన్‌బో పుట్టాడు. ఏమే, చెప్పవే దీనికి!"

అత్త ఫెంగ్‌యింగ్ ఇంతసేపూ దుంపల గుట్ట పక్కన తల వంచుకుని కూర్చునే ఉంది. ఇప్పుడు లేచింది. చేతుల మట్టి దులుపుకుని, వచ్చి గిన్నె అందుకుంది. కోడలి వైపు చూసింది. ఇక గడ్డం పట్టుకుని తాగిస్తుందని రుయ్‌లాన్ పళ్ళు బిగించింది.

ఫెంగ్‌యింగ్ పక్కకి తిరిగి గిన్నె కొడుకు చేతిలో పెట్టింది.

"తాగరా."

"అమ్మా!"

"తాగు. తాగి, రేపు పొద్దున బస్సుకి దానితో ఆసుపత్రికి కూడా వెళ్ళు. దాన్ని పుట్టింటికి పంపిస్తే ఆ వెనకే నేనూ పోతాను. అప్పుడు మీ అయ్యాకొడుకులే వండుకు తినండి."

వెన్‌బో తండ్రి వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. పెళ్ళాం ఎదురుగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని గటగటా తాగేశాడు. చేదుకి ఒళ్ళంతా జలదరించింది.

"రోజూ నాకిలాగే ఉంటుంది," అంది రుయ్‌లాన్.

హైషాన్ నెత్తి బాదుకున్నాడు. "మీ అత్తాకోడళ్ళు కలిసి నా వంశం ముంచారు కదే! దాంగ్‌గుయ్ తాగిన మగాడికి ఎక్కడైనా పిల్లలు పుడతారటే?"

"ఎందుకు పుట్టరు?" ఖాళీ గిన్నె తీసుకుంటూ అంది ఫెంగ్‌యింగ్. "మీ అమ్మ నా ముందు పెట్టిన కషాయమంతా రోజూ నీ మాంసం పులుసులోనే పోశాను ముసలాయనా. వీడు పుట్టలేదూ?"