తుప్పు మీద గ్రీజు

పూతలపట్టు కూడలిలో జయరావుకు కార్ల షెడ్డు ఉంది. పని పాడుచేశాడని ఆ దారిలో ఇంతవరకు ఒక్క డ్రైవరు కూడా అనలేదు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆ రోజు మునిచంద్ర టాక్సీకి ముందు చక్రం బేరింగు మారుస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ కారు యాత్రికులతో తిరుమల కొండెక్కాలి. మునిచంద్ర నిమిషానికోసారి టైము చూసుకుంటూ తొందరపెడుతున్నాడు.

పాత బేరింగు ఊడొచ్చింది. అది కూర్చునే గూడంతా ఎర్రగా తుప్పు.

జయరావు ఆ తుప్పు మీదే ఇంత గ్రీజు పూశాడు. గ్రీజు ఉంటే కొత్త బేరింగు సులువుగా లోపలికి జారుతుంది. తొందర పనికి అందరూ చేసేదే.

"తుప్పు గీకి బిగించప్పా."

చూస్తే ఒక పెద్దాయన. మాసిన చొక్కా, తుప్పు గీకడానికి చేతిలో ఉప్పుకాగితం ముక్క. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఏమో.

పైపై తుప్పే కదా, ఏమీ కాదన్నాడు జయరావు. తుప్పుంటే బేరింగు సమంగా కూర్చోదని, వేడెక్కి మాడిపోతుందని పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు. పావుగంట పని, తానే గీకి ఇస్తానని వంగాడు కూడా.

జయరావుకు ఒళ్లు మండింది. ఎవడో దారిన పోయేవాడు వచ్చి, డ్రైవరు ముందర తనకు పని నేర్పడమా?

"నువ్వు జన్మలో స్పానరు పట్టినావా? పో పెద్దాయనా, పో."

రెక్క పట్టి రోడ్డు మీదికి నెట్టాడు.

పెద్దాయన బయట మునిచంద్రతో కాసేపు ఏదో చెప్పి తిరుపతి బస్సెక్కాడు.

రెండు నెలలకు ఆ కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు.

మునిచంద్ర పరుగున లోపలికొచ్చాడు.

"బండిలో నలుగురుండారు జయరావన్నా. చక్రం కాడ గుర్రుమని సప్పుడొస్తే ఆడనే నిలిపేయమని ఆ పొద్దు పెద్దాయన చెప్పినాడు. కొండ ఎక్కకముందే నిలిపేసినా."

జయరావు విప్పి చూశాడు. బేరింగు నల్లగా మాడిపోయింది. కొండ మీద నాలుగు మలుపులు ఎక్కి ఉంటే చక్రం ఊడిపోయేదే.

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. నలుగురి ప్రాణాలు నిలబెట్టిన మనిషిని రెక్క పట్టి గెంటానే అని సిగ్గుతో చచ్చిపోయాడు.

పెద్దాయన పేరు కుప్పయ్య, ఊరు తిరుచానూరు అని మునిచంద్ర చెప్పాడు. మరునాడే జయరావు బయలుదేరాడు. కాళ్లు పట్టుకుని తప్పు ఒప్పుకుంటే గానీ మనసు కుదుటపడదనుకున్నాడు.

కుప్పయ్య భార్య గంగులమ్మ వాకిట్లో కూర్చుని పూలు కడుతోంది. వెనక గోడకు కుప్పయ్య పటం, దానికి దండ.

పోయి ఇరవై రోజులైందట.

జయరావు అక్కడే కూలబడ్డాడు. తాను చేసిందంతా దాచకుండా చెప్పేశాడు.

ఆమె కోప్పడలేదు. పదేళ్లుగా ఆయన తుప్పు గీకి బిగించమని చెబుతూ షెడ్డు షెడ్డుకూ తిరిగేవాడని, పూతలపట్టు నుంచి వచ్చిన రోజు నుంచి మాత్రం ఇల్లు కదల్లేదని చెప్పింది.

జయరావుకు ఏడుపు ఆగలేదు.

"పని తెలీనోడనుకుంటి తల్లీ."

గంగులమ్మ పటం వైపు చూసింది.

"తెలీకేం నాయనా. చక్రం ఊడి మా ఒక్క పిల్లోడు సచ్చిపోయినాడే, ఆ కారుకు బేరింగు బిగించింది ఆయనే."